పాత కంటెయినర్‌ను చిన్న ఇల్లుగా మార్చుకోవాలి: కొనేముందు ఏం చూడాలి, ఎంత కొయ్యొచ్చు?

సగంమిద్దె
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదవడమే తప్ప రాసింది లేదు. పాత షిప్పింగ్ కంటెయినర్ ఒకటి కొని, నేనూ మా ఆవిడా ఉండటానికి చిన్న ఇల్లుగా మార్చుకుందామని చూస్తున్నాం. స్థలం ఉంది, లారీ, క్రేన్ లోపలికి వస్తాయి. ఎండాకాలం ఎండ గట్టిగానే కాస్తుంది, వానాకాలం తేమ, చలికాలం రాత్రిళ్లు బాగానే చల్లబడుతుంది. గోడలు, కప్పు, నేల రెడీగా వస్తాయి కాబట్టి కిటికీలు కోసి, లోపల ప్లైవుడ్ కొట్టి, రంగు వేస్తే సగం ఇల్లు అయిపోయినట్టే అని నా లెక్క.

అడగాల్సినవి మూడు. 20 అడుగులదా, 40 అడుగులదా? బాగా తిరిగినదా, ఒకే ట్రిప్పు తిరిగినదా? ఒక పక్క గోడ మొత్తం తీసేసి గాజు తలుపులు పెట్టొచ్చా? ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి మా ఆవిడ మనసంతా ఆ గాజు గోడ మీదే ఉంది.

గ్రైండర్‌గిరి
మూడోదానికి ముందు చెప్తా, డబ్బులు పోయేది అక్కడే కాబట్టి. నేను ఫ్యాబ్రికేషన్ పని చేస్తాను, ఈ డబ్బాలు చాలానే కోశాను.

కంటెయినర్ బలమంతా నాలుగు మూలల స్తంభాల్లో ఉంది. ఓడలో ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు బరువు మూల నుంచి మూలకే దిగుతుంది. తలుపు మీద సీఎస్‌సీ ప్లేట్ (కంటెయినర్ భద్రతా వివరాల పలక) ఉంటుంది, చూడండి. పైన పేర్చగలిగే బరువు చాలావాటి మీద 1,92,000 కిలోలని రాసి ఉంటుంది. అది చదివి డబ్బా మొత్తం అంత గట్టిదనుకుంటారు. కప్పుకి పెట్టే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల) పరీక్ష ఏమిటో తెలుసా? 600 x 300 మి.మీ. జాగాలో 300 కిలోలు. ఇద్దరు మనుషులు ఎక్కి పని చేసుకోవడానికి సరిపోతుంది, అంతే.

పక్క గోడ ఒకటిన్నర, రెండు మి.మీ. రేకు. ముడతలు ఉండబట్టే నిలబడింది. అది మొత్తం తీసేస్తే పైన మిగిలేది 60 మి.మీ. చదరపు గొట్టం ఒక్కటే, 12 మీటర్ల పొడవునా. కోసేటప్పుడే తెలిసిపోతుంది: ఇంకో జానెడు మిగిలి ఉండగా రేకు గ్రైండర్ డిస్క్‌ను పట్టేస్తుంది. పై గొట్టం అప్పటికే కుంగి, కోసిన సందును మూసేస్తోందన్న మాట. డిస్క్ పగిలి ముఖానికి తగిలినవాళ్లు ఉన్నారు.

గాజు గోడ పెట్టకూడదని కాదు. కొయ్యకముందే పైన దూలం, మధ్యలో స్తంభాలు వెల్డ్ చెయ్యాలి, ఆ సైజులు ఇంజినీరు చెప్పాలి. 3 అడుగుల తలుపు, 4 అడుగుల కిటికీ లాంటివైతే చుట్టూ 50 x 50 మి.మీ. బాక్స్ పైపు ఫ్రేము వేస్తే చాలు.

రేకుషెడ్డు
నాది ఎప్పుడూ ఉండే గొణుగుడే, ఏమనుకోవద్దు. గోడ కోసి, దూలం వేసి, స్తంభాలు పెట్టి, లోపల ఫ్రేము కట్టి, ఇన్సులేషన్ చేసి, పైన ఇంకో కప్పు వేసేకాడికి కంటెయినర్ ఎందుకు? అదే స్టీలుతో మీకు కావలసిన వెడల్పులో ఫ్రేము కట్టుకోవచ్చు కదా. 1956లో అమెరికా రవాణా వ్యాపారి మాల్కం మెక్‌లీన్ ఐడియల్ ఎక్స్ ఓడలో 58 పెట్టెలు పంపించిన రోజు నుంచీ ఇది సరుకు కోసం పుట్టిన డబ్బా. మనిషి కోసం కాదు. ఖతర్‌లో 2022 వరల్డ్ కప్‌కి కట్టిన స్టేడియం 974 అంటే అందరూ కంటెయినర్లతో కట్టారంటారు. 974 కంటెయినర్లు వాడిన మాట నిజమే, వాటిని పట్టుకుని నిలబడింది మాత్రం స్టీల్ ఫ్రేము.

పొడుగుచూపు
రేకుషెడ్డు గారి గొణుగుడులో సగం నిజం ఉంది. మిగతా సగానికి నా జవాబు: డబ్బాను డబ్బాలాగే ఉంచి, తక్కువ కోసి, తర్వాత ఎత్తి ఇంకోచోట పెట్టుకోవాలనుకునేవాళ్లకి కంటెయినర్ లాభం. 20 అడుగుల గది వెడల్పు కావాలనుకునేవాళ్లకి నష్టం. ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కూడా కాదు. కంటెయినర్లను నివాసంగా మార్చే పద్ధతికి ఫిలిప్ క్లార్క్ అనే ఆయన 1987లో అమెరికాలో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టి 1989లో తెచ్చుకున్నారు.

సగంమిద్దె గారూ, మీ మొదటి ప్రశ్నకి కొలతలే సమాధానం. లోపలి వెడల్పు 2.35 మీటర్లు, అంటే 7 అడుగుల 8 అంగుళాలు. 20 అయినా 40 అయినా ఇంతే. రెండు వైపులా ఇన్సులేషన్, లైనింగ్ కలిపి మూడేసి అంగుళాలు పోతే మిగిలేది 7 అడుగుల 2 అంగుళాలు. వంటగట్టు 2 అడుగులు పోతే నడవడానికి 5 అడుగులు. ఒక మనిషి వంట చేస్తుంటే ఇంకో మనిషి వెనకనుంచి పోవచ్చు. ఎదురు గోడకి కూడా ఏదైనా పెట్టారో, ఇక పక్కకి తిరిగి నడవాలి.

20 అడుగులది నేల సుమారు 150 చదరపు అడుగులు, 40 అడుగులది 300. ఇద్దరు ఎప్పుడూ ఉండాలంటే 40 తీసుకోండి. ఎత్తులో మాత్రం రాజీ వద్దు, హై క్యూబే తీసుకోండి. మామూలు దాంట్లో లోపల 2.39 మీటర్లు, హై క్యూబ్‌లో 2.69. పైన ఇన్సులేషన్, కింద నేల పోగా ఫ్యాన్‌కి చెయ్యి తగలకుండా ఉండాలంటే ఆ అడుగు కావాల్సిందే.

కొనేముందు, ఏ పని మొదలుపెట్టేముందు, మీ ప్రాంతంలో దీన్ని శాశ్వత కట్టడంగా చూస్తారా, తాత్కాలికంగా చూస్తారా అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

సగంమిద్దె
గిరి అన్నా, పొడుగుచూపు మేడమ్, చాలా థ్యాంక్స్. గాజు గోడ సంగతి ఇంట్లో చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకుంది కానీ డిస్క్ పగిలే మాట వినగానే ఒప్పుకుంది. ఒక డబుల్ తలుపు, మూడు కిటికీలు అనుకుంటున్నాం. 40 హై క్యూబ్ ఖాయం. ఇక వేడి గురించి. లోపల థర్మోకోల్ షీట్లు అంటించి ప్లైవుడ్ కొడితే సరిపోతుందా? ఏసీ ఎలాగూ ఉంటుంది.

కప్పుమీదవాన
వద్దు. దయచేసి వద్దు. నేను కంటెయినర్‌లోనే ఉంటున్నాను, కొన్నేళ్లు అయింది. వేడి కంటే ముందు నీటి సంగతి చెప్పాలి.

నాది ఒకాయన అప్పటికే మార్చి అమ్మిన కంటెయినర్. లోపల కర్ర ఫ్రేము, మధ్యలో గ్లాస్ ఊల్, పైన నున్నటి ప్లైవుడ్. చూడటానికి ముచ్చటగా ఉంది. మొదటి చలికాలం తెల్లవారుజామున మొహం మీద చుక్కలు పడ్డాయి. కప్పు కారుతోందనుకుని బయటికి వెళ్తే ఆకాశంలో చుక్కలు మెరుస్తున్నాయి, వాన ఊసే లేదు. ప్లైవుడ్ ఒకటి ఊడదీశాను. గోడలో గ్లాస్ ఊల్ తడిసి ముద్దయి అడుక్కి జారిపోయింది, పై సగం ఖాళీ. రేకు లోపలి వైపు చేత్తో తుడిస్తే మోచేతి దాకా నీళ్లు కారాయి. కర్రకి నల్లగా బూజు.

అది బయటి నుంచి వచ్చిన నీరు కాదు. మన ఊపిరి, స్నానం, వంట. ఇద్దరు మనుషులు రాత్రంతా నిద్రపోతే ఊపిరిలోంచే అర లీటరు దాకా నీరు గాలిలోకి పోతుంది. గది 25 డిగ్రీలు, తేమ 60 శాతం ఉందనుకోండి, 17 డిగ్రీల లోపు చల్లగా ఉన్న వస్తువు ఏది తగిలినా ఆ ఆవిరి నీరవుతుంది. చలి రాత్రి రేకు అంతకంటే చల్లగానే ఉంటుంది. ఇటుక గోడైతే కొంత పీల్చుకుని పగలు వదిలేస్తుంది. ఇనుము చుక్క కూడా పీల్చదు. థర్మోకోల్ షీటు అంటిస్తే ముడతల దగ్గర వెనక సందులు మిగులుతాయి, ఆవిరి సరిగ్గా అక్కడికే చేరుతుంది.

అందుకే నేను మొత్తం పీకించి క్లోజ్డ్ సెల్ (బుడగలు మూసుకుని ఉండి ఆవిరిని దూరనివ్వని) పాలీయురెథేన్ ఫోమ్ స్ప్రే చేయించాను, గోడలకి 2 అంగుళాలు, కప్పుకి 3. అది రేకుకి అతుక్కుపోతుంది, వెనక గాలి ఉండదు. ఆ తర్వాత చుక్క పడలేదు. స్నానాలగదిలో, వంట దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మాత్రం ఉండాల్సిందే. గాలి చొరబడని డబ్బాలో ఆవిరి తనంతట తాను ఎక్కడికీ పోదు.

చిట్టిగూడు
రీఫర్ కంటెయినర్ (చల్లగా ఉంచాల్సిన సరుకు మోసే ఫ్రిజ్ లాంటిది) కొంటే ఇన్సులేషన్ ఫ్రీగా వచ్చినట్టే కదా?

గ్రైండర్‌గిరి
వస్తుంది, దాంతోపాటు తలనొప్పీ వస్తుంది. లోపలి వెడల్పు ఇంకా తక్కువ, 2.29 మీటర్లు. నేల అంతా అల్యూమినియం గాడులు, కుర్చీ కూడా సరిగ్గా నిలబడదు. కిటికీ కోసి ఫ్రేము వెల్డ్ చేద్దామంటే గోడ మధ్యలో ఫోమ్ అంటుకుంటుంది. పాతదైతే ఫోమ్ ఎక్కడ నీళ్లు తాగి ఉందో పైకి కనిపించదు. రెండు కిటికీల కంటే ఎక్కువ కొయ్యనివాళ్లకైతే పరవాలేదు.

పొడుగుచూపు
కప్పుమీదవాన గారు చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే ఒక మాట కలుపుతాను. చలికాలంలో తేమ లోపలి నుంచి రేకు వైపు పోతుంది. ఎండాకాలం ఏసీ వేస్తే కథ తిరగబడుతుంది, తేమ బయటి నుంచి చల్లని లోపలికి రావాలని చూస్తుంది. అప్పుడు బయట ఉన్న ఇనుప రేకే అడ్డుగోడ, అది మనకి మంచిదే. కానీ కిటికీ ఫ్రేము చుట్టూ, పైపులు దూరిన చోట సీలు సరిగ్గా లేకపోతే అక్కడినుంచి దూరి చల్లని ప్లైవుడ్ వెనక నీరవుతుంది. కాబట్టి లోపలి వైపు ఇంకో ప్లాస్టిక్ షీటు వేసి బిగించకండి. రెండు అడ్డుగోడల మధ్య చిక్కిన తేమ ఎటూ పోలేదు.

వేడికి అసలు మందు ఫోమ్ కాదు, నీడ. పైన ఒక అడుగు ఖాళీ వదిలి, పక్కలు తెరిచి రెండో కప్పు వెయ్యండి. ఎండ దాని మీద పడుతుంది, మధ్యలో గాలి వేడిని పట్టుకుపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో వెయ్యి దాకా విద్యార్థి గదులతో కేట్వోనెన్ అని కంటెయినర్ వసతి కట్టారు, అక్కడ కూడా పైన విడిగా కప్పు పెట్టారు, వాన నీటికీ వేడికీ రెండింటికీ. ఆ కప్పు కాళ్లు మూల కాస్టింగ్‌ల (మూలల్లో ఉండే గట్టి ఉక్కు దిమ్మల) మీదే నిలపండి, రేకు మీద కాదు. వాన చప్పుడు కూడా సగానికి సగం తగ్గుతుంది.

నన్నడిగితే ఇన్సులేషన్ బయటి వైపు వేసుకోవడం ఇంకా మంచిది. రేకు గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది, నీరు పట్టదు, లోపల ఆ 6 అంగుళాలూ మిగులుతాయి.

రేకుషెడ్డు
బయట ఇన్సులేషన్, దాని మీద క్లాడింగ్ (బయటి తొడుగు), పైన ఇంకో కప్పు. అంటే కంటెయినర్ అని ఇంటివాళ్లు చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. నేను మొదట చెప్పిందీ అదే కదా మేడమ్!

కప్పుమీదవాన
అక్కడ నేను మేడమ్‌తో ఏకీభవించను. బయట వేస్తే కింద పట్టీలు, మూలల దగ్గర ఇనుము బయటికి కనిపిస్తూనే ఉంటుంది, చలి అక్కడినుంచి లోపలికి వస్తుంది. పైగా మళ్లీ ఎత్తి తీసుకెళ్లాలంటే క్లాడింగ్ అంతా విప్పాలి. చలి దేశాల్లో లెక్క వేరు కావచ్చు. సగంమిద్దె గారికి లోపల ఫోమ్, పైన నీడ చాలు.

పొడుగుచూపు
ఎత్తి తీసుకెళ్లే ఆలోచన ఉంటే మీ మాటే సరి. లేకపోతే నాదే. దీని మీద మనం వేరే చోట పోట్లాడుకుందాం.

చిట్టిగూడు
రెండో కప్పు బదులు కంటెయినర్ మీదే మట్టి పోసి తోట పెంచితే చల్లగా ఉండదా? లేదా సగం భూమిలో పాతిపెడితే?

గ్రైండర్‌గిరి
తమ్ముడూ, లెక్క వెయ్యి. 40 అడుగుల కప్పు దాదాపు 30 చదరపు మీటర్లు. అర అడుగు మందం తడి మట్టి పోస్తే 7 టన్నులు. డబ్బా ఖాళీ బరువే 4 టన్నుల లోపు. పాతిపెట్టడం ఇంకా ఘోరం. పక్క గోడలు పైనుంచి వచ్చే బరువుకే పనికిరావు, పక్కనుంచి తడిమట్టి నెడితే లోపలికి పొట్ట వేస్తాయి. మట్టిలో తుప్పు సంగతి చెప్పక్కర్లేదు. ఈ డబ్బాలకి వాడే కోర్టెన్ స్టీలు తడిసి ఆరుతూ ఉంటేనే పైన గట్టి పొర కట్టుకుంటుంది. ఎప్పుడూ తడిగా ఉంటే మామూలు ఇనుములాగే తినేస్తుంది.

ఇక కొనడం. అమ్మేవాళ్లు కార్గో వర్తీ, విండ్ అండ్ వాటర్ టైట్, యాజ్ ఈజ్ అని రకాలు చెప్తారు. మొదటిది ఇంకా ఓడెక్కగలిగినది, రెండోది గాలీ నీరూ దూరనిది, మూడోది ఎలా ఉంటే అలా. ఫొటోలు చూసి కొనకండి, వెళ్లి చూడండి. లోపలికి వెళ్లి తలుపులు బయటినుంచి మూయించండి (నమ్మకమైన మనిషినే బయట ఉంచండి సుమా). కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి కప్పు, గోడలు చూడండి. సూదిమొనంత వెలుతురు కనిపించినా అక్కడ చిల్లు ఉన్నట్టే. బయట పెద్ద స్టిక్కర్లు, అతుకులు వేసిన చోట సుత్తితో మెల్లగా తట్టండి, తుప్పు పట్టిన చోట చప్పుడు మారుతుంది. కింద పడుకుని అడుగు పట్టీలు చూడండి, బట్టలు మాసినా సరే. సొట్టలు పరవాలేదు, మూల స్తంభం వంగి ఉంటే మాత్రం దండం పెట్టి వచ్చెయ్యండి.

నేల గురించి ఎవరూ అడగలేదు. అది 28 మి.మీ. ప్లైవుడ్, పురుగు పట్టకుండా మందు పట్టించినది. ఏ మందు, ఎప్పుడు పట్టించారన్నది తలుపు మీది ఆ ప్లేట్ మీదే రాసి ఉంటుంది. పైగా అన్నేళ్లలో దాని మీద ఏ సరుకు ఒలికిందో దేవుడికే తెలియాలి. ఒకే ట్రిప్పు తిరిగినదైతే మరకల భయం తక్కువ, మందు మాత్రం దానికీ ఉండొచ్చు. పాతదైతే పీకి కొత్తది వేస్తే నిశ్చింత. పీకడం కష్టమే, మరలు తుప్పు పట్టి ఉంటాయి. వద్దనుకుంటే బాగా కడిగి ఆరబెట్టి, ఎపాక్సీ రెండు కోట్లు వేసి, పైన వేరే నేల పరచండి. పాత రంగు మీద వెల్డింగ్ చేసేటప్పుడు ఆ రంగు గీకెయ్యండి, పాతవాటిలో సీసం, క్రోమేట్ ఉంటాయి. ఆ పొగ పీల్చకూడదు.

తీగలపని
ఎలక్ట్రికల్ వైపు నుంచి. మీరు ఉండబోయేది ఇనుప పెట్టెలో. ఒక్క తీగ తొక్క ఊడి గోడకి తగిలితే ఇల్లంతా కరెంటు. కాబట్టి డబ్బా బాడీని ఎర్తింగ్‌కి కలపాలి, రంగు గీకి శుభ్రమైన లోహానికి బోల్టుతో బిగించాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా ఒక్క ప్లగ్ కూడా పెట్టొద్దు. తీగ రేకులోంచి దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ (చిల్లు అంచుకి తొడిగే వలయం) ఉండాలి, కోసిన రేకు అంచు బ్లేడుతో సమానం.

ఇంకో రెండు. ఫోమ్‌లో పూడ్చిన తీగకి వేడి బయటికి పోదు, అందుకని ఏసీ, గీజర్ లైన్లకి ఒక సైజు పెద్ద తీగ, కాండ్యూట్ పైపులో వెయ్యండి. థర్మోకోల్ మళ్లీ గుర్తొస్తే చెప్తున్నా, పీవీసీ తీగకి అది నేరుగా తగిలితే ఏళ్ల తరబడి తొక్క గట్టిపడి పెళుసవుతుంది.

ఫోన్ సిగ్నల్ లోపల బాగా తగ్గిపోతుంది. అత్తగారి ఫోను తప్పించుకోవడానికి పనికొస్తుంది అనుకోండి.

సగంమిద్దె
హహ, ఆ ఒక్క పాయింటు ఇంట్లో చదివి వినిపించలేదు.

అందరి మాటా విని గీసుకున్న ప్లాను ఇది. సరుకు తలుపుల వైపు హాలు, ఆ తలుపుల లోపల గాజు తలుపులు. మధ్యలో వంటగట్టు, అటు మూసి ఉన్న చివర స్నానాలగది, దాని ముందు పడక. పైన నీడకప్పు, లోపల ఫోమ్. పని వరుస ఎలా ఉండాలి? వెల్డింగ్ వాళ్ల దగ్గరే కోయించి తెప్పించనా, తెచ్చి నిలబెట్టాక కోయించనా?

గ్రైండర్‌గిరి
నిలబెట్టాక కొయ్యండి. కోసిన డబ్బాను క్రేన్‌తో ఎత్తితే మెలి తిరుగుతుంది, కిటికీ ఫ్రేములు వంకర పోతాయి. షాపులోనే చెయ్యక తప్పకపోతే అడ్డ పట్టీలు తాత్కాలికంగా వెల్డ్ చేసి పంపించమనండి. కోత, వెల్డింగ్, జింక్ ప్రైమర్ అన్నీ అయ్యాక కరెంటు పైపులు, ఆ తర్వాతే ఫోమ్. ఫోమ్ వేశాక లోపల గానీ బయట గానీ వెల్డింగ్ స్పార్కు పడకూడదు. ఫోమ్ కొట్టే రోజు మీరు అక్కడ ఉండకండి, ఆ రసాయనం ఊపిరితిత్తులకి మంచిది కాదు. మందమంతా ఒకేసారి కొట్టించకండి, లోపల వేడెక్కి కుంచించుకుని రేకు నుంచి ఊడొస్తుంది. దాని మీద జిప్సమ్ బోర్డు కొట్టాల్సిందే, ఫోమ్‌ను వట్టిగా వదిలితే నిప్పుకి నిమిషాల్లో అంటుకుంటుంది.

పొడుగుచూపు
ప్లానులో రెండు చూసుకోండి. 40 అడుగుల చాలా కంటెయినర్లకి మూసి ఉన్న చివర అడుగున, నడుమ, 3 మీటర్లకు పైగా ఖాళీ ఉంటుంది, ట్రైలర్ మెడ దూరడానికి. గూస్‌నెక్ టన్నెల్ అంటారు. మీ స్నానాలగది సరిగ్గా దాని మీదకి వస్తోంది, అక్కడ నేల మధ్యలో చెక్క కాదు, ఇనుప ప్లేటు. డ్రెయిన్ పైపు నడుమ కాకుండా పక్కకి, నేలను మోసే అడ్డపట్టీల మధ్య దించాలి. ఒక్క అడ్డపట్టీని కూడా కొయ్యనివ్వకండి.

రెండోది, సరుకు తలుపులు బయటినుంచే బిగుస్తాయి. మీరు లోపల ఉండగా ఎవరైనా కడ్డీ తిప్పితే బయటికి రాలేరు. కడ్డీలు తెరిచిన స్థితిలో వెల్డ్ చేసెయ్యండి, లేదా అదే స్థితిలో తిరగకుండా తాళం వేసి ఉంచండి. పడక దగ్గర మనిషి దూరగలిగే కిటికీ ఒకటి తప్పనిసరి. మంట మధ్యలో వంటగట్టు దగ్గర మొదలైతే అటు తలుపు దాకా మీరు రాలేరు.

సగంమిద్దె
కిటికీ సైజు మార్చాను మేడమ్. టన్నెల్ ఉందో లేదో చూడటానికి అమ్మేవాళ్లను కింది భాగం ఫొటో అడుగుతాను. చివరిగా ఒకటి: పునాది మొత్తం స్లాబు పొయ్యాలా, దిమ్మెలు చాలా? లెవెల్ ఎంత ఖచ్చితంగా ఉండాలి?

గ్రైండర్‌గిరి
నేల గట్టిదైతే నాలుగు మూలలకి నాలుగు కాంక్రీటు దిమ్మెలు, 40 అడుగులది కాబట్టి నడుమ ఇంకో రెండు. నేల నుంచి అడుగున్నర ఎత్తు ఉంచండి, కింద గాలి ఆడుతుంది, పైపు కారినా మనిషి దూరి బాగు చేయొచ్చు. దిమ్మెలో ఇనుప ప్లేటు పెట్టి మూల కాస్టింగ్‌ను దానికి బిగించండి, గాలివానకి ఖాళీ డబ్బా కదులుతుంది.

లెవెల్‌కి ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపిన గొట్టం) పట్టండి. క్రేన్ దించగానే, కొక్కేలు విప్పకముందే సరుకు తలుపులు రెండూ తెరిచి మూసి చూడండి. తేలిగ్గా మూసుకుంటే నాలుగు మూలలూ సమంగా కూర్చున్నట్టు. ఒక తలుపు పైకి ఎక్కి రాసుకుంటుంటే ఎక్కడో ఒక మూల దిగింది. ఏ మూలో తెలియకపోతే ఒక్కో మూల కింద పలుచటి ప్లేటు దూర్చి మళ్లీ మూసి చూడండి, తలుపు సరిగ్గా పడే దాకా. అది కుదిరాకే క్రేన్‌ను పంపించండి.

సగంమిద్దె
క్రేన్ వాళ్లతో ఆ మాట ముందే మాట్లాడి పెట్టుకుంటాను, గంటల లెక్కన తీసుకుంటారు కదా. ఫొటోలు రాగానే టన్నెల్ సంగతి ఇక్కడే రాస్తా.